నలభై మూడు తాళంచెవులు, ఒక నవ్వు మొహం

మార్చి 3, సోమవారం

బాబాయికి నమస్కారం.

ఇవాళ పొద్దున్నే ఫోను చూస్తే, నా ఫొటోల్లో నలభై మూడు తాళంచెవులు! ప్రతి దాని పక్కనా ఇంటి నంబరు, నీ చేతిరాతలో. నకలు తాళంచెవులు చేయడానికి నువ్వు కొట్లో తీసుకునే ఫొటోలు నా దగ్గరికెలా వచ్చాయి? ఎవడో మనిద్దరి ఫోన్లలో దూరి బెదిరిస్తున్నాడు.

నా అనుమానం రెండు నెలల క్రితం నీ ఫోనులో పెట్టిన టార్చి యాప్ మీదే. దీపం వెలిగించడానికి దానికి ఫొటోలెందుకు, మైకెందుకు? ఒక్కసారి "సరే" అంటే చాలు, మళ్లీ అడగదు. ఒక్క ఫొటో కాదు, అన్నీ చూస్తుంది. మన మాటలూ వింటుందేమో! అందుకే ఫోను చేయకుండా ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

గది గడియ వేసుకుని,
నీ అన్న కూతురు

తా.క. ఆ యాప్ పెట్టింది నేనే. నాన్నకు చెప్పకు.

మార్చి 4, మంగళవారం

అమ్మడూ, ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఒక్క తాళంచెవితో గదులన్నీ తెరుచుకునే ఇల్లు కట్టినవాడెవడే? నా పనివాడైతే ఆ రోజే మాన్పించేవాణ్ణి. నలభై మూడు ఇళ్లవాళ్లు నన్ను నమ్మారు. ఒక్క ఇంట్లో చెంచా పోయినా ఈ కొట్టు మూసుకోవాల్సిందే.

ఫోనును ఇనప్పెట్టెలో పెట్టి మూడు తాళాలు వేశాను. లోపల్నుంచి మోగింది. కొట్లో ఉన్న ఇద్దరూ పరుగో పరుగు. బయటికి తీసి చూద్దును కదా, నా ఫొటోల్లో వాడే! దొంగ! తనంతట తానే వచ్చి పళ్లికిలిస్తున్నాడు. ఆ మొహాన్ని పెద్దగా అచ్చు వేయించి కొట్టు తలుపుకి అంటించాను: "ఇతను కనబడితే చెప్పండి."

జాగ్రత్త,
బాబాయి

తా.క. నీలం చొక్కా, కోతి చెవులు. మీ హాస్టలు వీధిలో కనబడితే పక్క సందులోకి తప్పుకో.

మార్చి 5, బుధవారం

బాబాయికి వెయ్యి నమస్కారాలు.

ఆ కాగితం ఈ క్షణమే పీకెయ్! అతను దొంగ కాడని నా మనసు చెబుతోంది. దొంగలు అంత హాయిగా నవ్వుతారా? అవి కోతి చెవులు కావు. కొంచెం విశాలమైన చెవులు, అంతే. పోలీసుల దాకా వెళ్లకు, నీ కాళ్లు పట్టుకుంటాను. నీ ఫోనులోకి ఇంకా ఏమేం ఫొటోలు వచ్చాయి?

నీ అభాగ్య పుత్రిక

తా.క. నాన్న ఈ వారం నీ కొట్టు వైపు వచ్చాడా?

మార్చి 6, గురువారం

అమ్మడూ,

నాకు మొహాలు గుర్తుండవు, తాళంచెవులు గుర్తుంటాయి. పెద్దగా అచ్చు వేయించిన ఆ ఫొటోలో, అతని మోచేతి పక్కన బల్ల మీద ఒక తాళంచెవి ఉంది. రెండో పన్ను దగ్గర నా ఆకురాయి జారిన గీత. నీ హాస్టలు గదికి నేను చేసిచ్చిందే! మరి దొంగ నీ తాళంచెవి పక్కన కూర్చుని నవ్వుతుంటే, ఫొటో తీసిందెవరే?

అప్పుడు వెలిగింది. ఫోను కొన్న రోజు నాకు ఈమెయిలు లేదని నీదే పెట్టావు. మొన్న ఆదివారం ఫోను "ఫొటోలు దాచనా?" అని అడిగితే సరే నొక్కాను. ఇద్దరిదీ ఒకే ఈమెయిలు కాబట్టి నావి నీకు, నీవి నాకు చేరాయి. ఆ తలుపు మనమే తీసిపెట్టాం.

భయం తీరిందనుకోకు. టార్చి యాప్ రెండు నెలలుగా నా ఫొటోలు చూస్తూనే ఉంది. ఎవరికిచ్చిందో ఎవరికి తెలుసు? నలభై మూడు తాళాలూ మార్చాల్సిందే, నా ఒక్కడి వల్ల కాదు. రేపు పొద్దున మొదటి బస్సుకి ఆ విశాలమైన చెవులవాణ్ణి వెంటబెట్టుకు రా. మీ ఇద్దరికీ చెరొక స్క్రూడ్రైవరు తీసి పెట్టాను.

బాబాయి

తా.క. కాగితం పీకలేదు, అతన్నే వచ్చి పీక్కోమను. ఇందాకే అన్నయ్య చూసి, "కుర్రాడు బాగానే ఉన్నాడే, ఏం చేశాడు?" అన్నాడు. "రేపు పొద్దున వచ్చి నువ్వే అడుగు" అన్నాను.