బెన్ అడిగిన పిన్

క్యారీ, 11 జనవరి 1982. సన్నటి వాన. స్టోర్స్‌లో అరలు తుడిచాను.

ఉమామహేశ్వరరావు గారికి యాదయ్య నమస్కారాలు.

మా ఫ్యాక్టరీ ఫోర్మన్ బెన్‌తో పడలేకున్నాను. రోజూ స్టోర్స్ కిటికీలో తల పెట్టి పిన్ ఇమ్మంటాడు. ఇస్తే కస్సుమంటాడు. కావలసింది రాసుకునే పెన్నట! నాకు ఇంగ్లీషు రాదని, స్టోర్స్ నుంచి తీసేయమని మేనేజరుకు చెప్పాడు. ఒకటో తారీఖున తేలుస్తారు. పదేళ్లు డిక్షనరీ ముందేసుకుని ఒక్కణ్ణే నేర్చుకున్న ఇంగ్లీషు నాది. తప్పెవరిదో మీరే చెప్పండి.

మీ యాదయ్య

తా.క.: మీ నోవీలో మంచు ఎట్లున్నది?

నోవై, 18 జనవరి

యాదయ్యకు,

మా ఊరు నోవీ కాదు, నోవై. నేనుంటున్న ఊరిని చెడగొట్టకు. ఇక నీ సంగతి. మీ వైపు దక్షిణాది అమెరికన్ల నోట్లో పిన్నూ పెన్నూ ఒకటేనట, మా ఆఫీసులో చెప్పారు. అది వాళ్ల జబ్బు, నీది కాదు. మొహం మీదే దిద్దు. ఊరుకుంటే నీకు ఇంగ్లీషు రాదని ఒప్పుకున్నట్టే.

ఉమామహేశ్వరరావు

తా.క.: నా ఇంగ్లీషుకు ఇక్కడి అమెరికన్లే తలూపుతారు.

క్యారీ, 25 జనవరి. చలిగాలి. నట్లు సైజుల వారీగా వేరుచేశాను.

రావు గారికి,

మీ మాట విని చెడ్డాను. అందరి ముందూ బెన్‌తో, “సార్, నోరు ఇంకాస్త తెరిచి అనండి, పెన్” అన్నాను. ఆయన ఎర్రబడ్డాడు. గంటలో నా మీద ఫిర్యాదు టైపు చేయించి తెచ్చాడు. సంతకం పెట్టడానికి పిన్ అడిగాడు. అప్పటికి నాకూ ఒళ్లు మండుతోంది. పిన్నే ఇచ్చాను. ఇక మీ సలహాలు వద్దు.

యాదయ్య

తా.క.: ఫిర్యాదు కాగితాలకు ఆ పిన్నే గుచ్చి మేనేజరుకు పంపాడు.

నోవై, 29 జనవరి

యాదయ్యకు,

సలహాలు వద్దంటావా? మీ ఫ్యాక్టరీ నంబరు కనుక్కుని నేనే మేనేజరుకు ఫోన్ చేశాను. “పెన్ ఈజ్ కరెక్ట్” అని అరగంట వాదించాను. అన్నప్పుడల్లా ఆయన ఎస్ అన్నాడు. బుద్ధుంటే ఇప్పుడైనా సంతోషించు.

ఉమామహేశ్వరరావు

తా.క.: చివర్లో ఆయన నాకు థాంక్స్ కూడా చెప్పాడు. ఇంగ్లీషంటే అదీ.

క్యారీ, 3 ఫిబ్రవరి. ఎండ కాసింది. పాత చీటీలు చింపేశాను.

రావు గారికి,

నా స్టోర్స్ పని ఊడలేదు. అయినా మీ మీద కోపం పోలేదు. మన ‘ప’ వాళ్ల చెవికి ‘బ’ లాగా ఉంటుందట, మీరు పెన్ అన్నప్పుడల్లా మేనేజరుకు బెన్ అని వినపడింది. యాదయ్య తాలూకు పెద్దమనిషి మిషిగన్ నుంచి ఫోన్ చేసి, బెన్ చెప్పిందే కరెక్టని అరగంట పొగిడాడని ఆయన బెన్‌కు చెప్పాడు. పదహారేళ్ల సర్వీసులో తననెవరూ ఇంతగా మెచ్చుకోలేదని బెన్ కళ్లు తుడుచుకున్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుని, అందరి ముందూ నన్ను కావలించుకున్నాడు. ఆయనే ఒప్పని నేను మనిషిని పెట్టి చెప్పించినట్టయింది. పదేళ్ల చదువు మీ నోట్లో పడి ఇట్లా అయింది. ఇక జన్మలో ఆయన్ని దిద్దలేను.

యాదయ్య

తా.క.: మళ్లీ వచ్చాడు. నేను రాస్తున్న ఈ పెన్నునే వేలితో చూపిస్తూ పిన్ అంటున్నాడు. ఇవ్వక తప్పదు, చెయ్యి చాపి లాక్కునేట్టున్నాడు. ఇవాళ పెద్ద బోల్టులకు నూనె రాశాను, చిన్న బోల్టులు