దీప్తి లెక్కలో యాంటెన్నా పొడవు

ఫిబ్రవరి 3
ఈరోజు మీటింగ్‌లోనూ సార్ దీప్తి గ్రాఫే చూశారు. నాది స్క్రీన్ మీద పెట్టేలోపు నెక్స్ట్ వీక్ చూద్దాం అన్నారు. ఒళ్లు మండిపోయింది. వరంగల్ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. ఈ కెనడాలో, సస్కటూన్‌లో ఏ బస్సెక్కాలో నేర్పింది నేను, రూమ్‌లో చోటిచ్చింది నేను...

ఫిబ్రవరి 4
మైనస్ ముప్పై. బస్సు రాలేదు. దీప్తి మీద ఏడుపు మాత్రం టైముకే వచ్చింది.

ఫిబ్రవరి 7
సార్ దగ్గర పీహెచ్‌డీ పొజిషన్ ఒక్కటే. ఎవరి పేపర్ బాగుంటే వాళ్లకే అని చెప్పకనే చెప్పారు. దీప్తికేమో శాటిలైట్ డేటాలో ఎవరూ ఊహించనంత బలమైన విద్యుత్ క్షేత్రం కనబడిందట. ల్యాబ్‌లో కేకు. నేనూ తిన్నాను.

ఫిబ్రవరి 10
దీప్తి లెక్కలో తప్పు దొరికింది! క్షేత్రం బలం తేల్చడానికి, యాంటెన్నాలో పుట్టిన వోల్టేజీని దాని కడ్డీ పొడవులో సగంతో భాగించింది, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. శూన్యంలో అయితే సరే. కానీ శాటిలైట్ తిరిగేది ప్లాస్మాలో, విద్యుదావేశమున్న కణాల మధ్య. అక్కడ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర, కొన్ని కోణాల్లో వచ్చే తరంగాలకు అదే కడ్డీ ఎన్నో రెట్లు పొడవున్నట్టు పనిచేస్తుంది. అంటే క్షేత్రం పెద్దదేం కాదు. యాంటెన్నాయే ఎక్కువ పట్టుకుంది.
ఎంత హాయిగా ఉందో. పొయ్యి మీద పప్పు మాడినా తెలియలేదు.

ఫిబ్రవరి 11
చెప్పలేదు.

ఫిబ్రవరి 12
నాకిష్టమని పులిహోర చేసింది. పక్కన కూర్చుని, "అక్కా, పేపర్ జర చూడరాదు. నువ్వు ఓకే అంటెనే సార్‌కు పంపుతా" అంది.
చూస్తాలే అన్నాను. అంత మామూలుగా ఎలా అనగలిగాను!

ఫిబ్రవరి 13
పేపర్ తెరిచాను. తన పేరు పక్కన నా పేరు — నన్ను అడగనైనా లేదు. ఇదేంటే అన్నాను.
"ప్లాస్మా అంటే ఏందో నాకు చెప్పింది నువ్వే కదక్కా."
స్నానానికని లోపలికి వెళ్లిపోయాను.
చెప్పకపోతే తప్పుడు పేపర్ మీద నా పేరు కూడా. చెబితే దిద్దుకుంటుంది... దిద్దితే ఇంకా గొప్ప పేపర్ అవుతుంది, ప్లాస్మాలో యాంటెన్నా ఎన్ని రెట్లు పొడవున్నట్టు పనిచేస్తుందో కొలిచి చూపినట్టే. అప్పుడిక ఆ పొజిషన్ దానిదే. నా చేత్తో నేనే ఇచ్చినట్టు.
నేను ఓకే అంటే రేపు పొద్దున సార్‌కు పంపుతుందట. వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. పిలిస్తే వస్తుంది.