ఆపాకు వజూ చేయించే మనిషి

మంగళవారం, రాత్రి

అమ్మ పోయిన రోజు తమ్ముడు రఫీ మా అక్క చేతులు పట్టుకుని, "నువ్వు కదల్లేని రోజొస్తే నేనున్నాను ఆపా" అన్నాడు. మమ్మల్ని పెంచడానికి పెళ్లి మానుకున్న మనిషి ఆ మాట నమ్మింది. ఇప్పుడు ఆమె మంచంలో ఉంది. వణికే ఈ చేతులతో ఆమెను లేపలేక, ఇవాళ మనిషిని పెట్టే ఏజెన్సీ వాళ్లను పిలిపించాను.

వచ్చినామె మర్యాదస్తురాలే. మందులు, డైపర్లు, తిండి అన్నీ చూస్తామంది. ఆపా అడిగింది ఒక్కటే.

"ఐదు పూటలా నమాజుకు ముందు లేపి కూర్చోబెట్టి వజూ చేయిస్తారామ్మా? ముఖం, చేతులు, కాళ్లు కడగాలి."

"రోజుకోసారి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తారండీ. మాటిమాటికీ లేపకూడదని మా రూలు."

ఆపా గోడవైపు తిరిగింది.

వన్ టౌన్‌లో కొట్టు నడుపుతున్న రఫీకి ఫోన్ చేశాను. "రెండు పూటలైనా రారా, నడిచొచ్చే దూరమేగా."

"సీజన్ భాయ్. వజూకు బదులు మట్టి ఇటుక మీద చేతులాన్చి తయమ్ముమ్ చేసుకోమను, జబ్బు మనిషికి చెల్లుతుంది. అన్ని పుస్తకాలు చదివావు, ఆమాత్రం తెలీదా?"

తెలుసు. ఆపాకూ తెలుసు. ఆమె ఎదురుచూసింది తమ్ముడి కోసం.

ఏజెన్సీకి సరేనన్నాను. ఇక ఆపా పోయేదాకా ఇంతే. పడుకోబోతూ, "వాణ్ణేమీ అనకురా, వాడికి పనులుంటాయి" అంది. ఆమె క్షమించింది. నా వల్ల కాదు. ఈ వయసులోనూ నా కోపమంతా ఒక్కడి మీదే. రఫీ.