పెళ్ళి కార్డులో ప్రమీలమ్మ

మహబూబ్‌నగర్,
2018 జనవరి 21

నన్ను కన్న అమ్మకు, ప్రేమతో,

మన అనూహ్య పెళ్ళి కార్డు నిన్న అందింది. పట్టుగుడ్డ చుట్టిన డబ్బా, లోపల యాలకులు, పటికబెల్లం. రాకేష్ అన్న బిడ్డ పెళ్ళికి ఏ లోటూ చెయ్యడని తెలుసు. కానీ కార్డు తెరిచి చదువుతుంటే ఎక్కడో ఏదో కుళ్ళిన వాసన తగిలినట్టయింది. "కీ.శే. కృష్ణయ్య, శ్రీమతి ప్రమీలమ్మ గార్ల మనుమరాలు" అట. బాపు పేరు పక్కన ఈ ప్రమీలమ్మ ఎవరమ్మా?

మీ అల్లుడు చూసి అచ్చుతప్పు అన్నారు. అచ్చుతప్పు అయితే నీ పెంటమ్మ పేరు పంటమ్మ అవుతుంది, పెట్టమ్మ అవుతుంది. ప్రమీలమ్మ కాదు. అది చేతులారా చేసిన పని. నిశ్చితార్థంనాడు ఆ భువనగిరి వియ్యపురాలు "మీ అమ్మగారి పేరేంది అన్నయ్యగారూ" అని అడిగితే, అన్న "ముందు బువ్వకు లేవుండ్రి, చల్లారిపోతాంది" అన్నాడు. నాకు అప్పుడే అర్థం కావలసింది. కన్నతల్లి పేరు పలకడానికి నోరు రాని మనిషికి బట్టల దుకాణం వాళ్ళ సంబంధం ఎందుకు?

నా చిన్నప్పుడు మన వాడలో ఎందరు పెంటమ్మలు! పొట్టి పెంటమ్మ, బావికాడి పెంటమ్మ, చెవిటి ఐలేశం పెండ్లాం పెంటమ్మ, ఇంక నువ్వు. నాట్లు వేసేటప్పుడు ఎవరైనా గట్టు మీద నుంచి "ఓ పెంటా" అని కేకేస్తే నాలుగు తలలు లేచేవి. ఇప్పుడు ఊరంతా వెతికినా ఆ పేరున్న పిల్ల ఒక్కతి దొరకదు. మొన్న మా కాలేజీలో ఒక అమ్మాయి తల్లి పేరు రాసేటప్పుడు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చూస్తే, పెంటమ్మ. ఆ పిల్ల మీద కోపం రాలేదు, జాలేసింది. అన్నకు యాభై ఏళ్ళు. ఆయన మీద జాలి కూడా రావడం లేదు, రోత పుడుతోంది.

నువ్వు ఈ కార్డు చూశావా? చదివావా? ఎలా ఊరుకున్నావు?

నీ బిడ్డ,
రూప


ఊరి నుంచి,
2018 ఫిబ్రవరి 1

బిడ్డ రూపకు, అమ్మ దీవెనలు పెట్టి రాసేది,

నేను మంచిగున్న. మోకాలు జర సతాయిస్తాంది, అది ఎప్పుడుండేదే. ఫోన్ల నీ మాట నాకు గుయ్యిమనుడు తప్ప ఇంకోటి ఇనబడది. అందుకే రాత్రిబడిల నేర్సుకున్న అక్షరాలను ఇట్ల అరగదీస్తున్న. తప్పులుంటె నవ్వకు.

కార్డు జూసిన. సదివిన. మంచిగనే ఉన్నది.

ఒక నవ్వులాట చెప్త ఇను. అచ్చంపేట నుంచి నర్సింగక్క బస్సెక్కి ఉరికొచ్చింది. కార్డు ఎవలో సదివి చెప్పిన్రట. గడపల కాలు పెట్టకముందే, "ఏందే పెంటీ, మా మరిది రెండో పెండ్లి జేస్కున్నడా? సచ్చి సర్గంల ఉన్నోని పక్కకు గీ ప్రమీల ఎవత్తెనే?" అని గుండెలు బాదుకున్నది. నేను నవ్వాపుకొని, "ఉన్నదక్కా, సక్కని మనిషి. జర నెమ్మదిగ మాట్లాడు, ఇంట్లనే పన్నది" అన్న. "ఇంట్లనా! నువ్వు బువ్వ ఎట్ల తింటున్నవే!" అని అర్రలన్ని దేవులాడింది. మంచం కిందికి సుత వంగి చూసింది. ఎవలు లేరని తెలిసినంక నా ఈపుల రెండు గుద్దింది.

ఇద్దరం నవ్వి నవ్వి చాయ తాగినం.

అన్నను ఏమనకు బిడ్డా. కార్డు ముచ్చట ఇడిచిపెట్టు. పసుపు దంచేటాల్లకు నువ్వు ఇక్కడుండాలె. ఆడిబిడ్డ రాకుంటె మీ వదిన చిన్నబోతది. అల్లున్ని గూడ తోల్కరా.

మీ అమ్మ


మహబూబ్‌నగర్,
2018 ఫిబ్రవరి 9

దేన్నైనా నవ్వులో కలిపేసే మా అమ్మకు,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, వెంటనే నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. సొంత చెల్లెలి పేరు మారితే తోడబుట్టిన అక్క కూడా గుర్తుపట్టలేదు! దీన్ని నవ్వులాట అంటావా?

అన్నకు ఫోన్ చేశాను.

"ఏందన్నా గిది?" అన్నాను.

"ఏది?"

"అమ్మ పేరు."

"అమ్మనే అడుగు" అన్నాడు.

"అమ్మను ముందర పెట్టుకొని ఎనుక దాక్కుంటున్నవా?"

"నీకు చెప్తే ఎక్కదు తియ్యే. లెక్చరర్‌వి" అని పెట్టేశాడు.

నువ్వు వెనకేసుకొస్తూనే ఉంటావు, ఆయన దాక్కుంటూనే ఉంటాడు. నిన్ను ఈ మాట అనొచ్చో లేదో తెలియదు కానీ, నీకు భయమేమో అనిపిస్తోంది. కొడుకు ఇంట్లో ఉంటున్నావు కదా.

నీ పేరు ఎలా వచ్చిందో నాకు చెప్పింది నువ్వే. నర్సింగమ్మ పెద్దమ్మ తర్వాత పుట్టిన ఇద్దరు పసిబిడ్డలు పోయారు. నువ్వు పుట్టగానే అవ్వ నిన్ను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. చావుకు కూడా రోత పుట్టి వదిలేసి పోవాలని. పక్కింటావిడ ఏమీ తెలియనట్టు వచ్చి, "ఎవరి బిడ్డనో, నాకు దొరికింది" అని ఎత్తుకుంటే, అవ్వ చేటెడు తవుడు పోసి నిన్ను మళ్ళీ కొనుక్కుంది. పేరు పెంటమ్మ. ఇంత ప్రేమ ఉన్న పేరు నేను ఇంకెక్కడా వినలేదు. పోయినేడు సదస్సులో "మా అమ్మ పేరు" అని పత్రం చదివినప్పుడు ఈ కథ చెబితే హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఒక పెద్దమనిషి లేచి, నల్లమలలో చెంచుల గూడేలను పెంటలంటారు కాబట్టి పెంటమ్మ అంటే గ్రామదేవత అనే అర్థం చెప్పుకోవచ్చు, అప్పుడు "వినసొంపుగా" ఉంటుంది అన్నాడు. పేడను పేడ అంటే వీళ్ళకేం పోయింది? ఒకడు అత్తరు పూస్తాడు, ఒకడు కార్డులోంచే ఊడ్చేస్తాడు. ఇద్దరూ ముక్కు మూసుకున్నవాళ్ళే.

అందుకే ఒక పని చేశాను. నకిరేకల్‌లో దశరథం ప్రెస్సుకు డబ్బు పంపి కొత్త కార్డులు వేయించాను. "శ్రీమతి పెంటమ్మ" అని పెద్ద అక్షరాల్లో. కట్ట నీకే చేరుతుంది. పెళ్ళినాడు గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి ఒక్కరికీ నేనే పంచుతాను, వియ్యపురాలి చేతికి మొదటిది. నువ్వు నా పక్కన నిలబడాలి. అది ఇష్టం లేకపోతే చెప్పు, అసలు పెళ్ళికే రాను.

ఇది సరైన పనేనా అని రెండు రోజులు నాతో నేనే కొట్లాడాను. అనూహ్య ఏం పాపం చేసిందని కూడా అనిపించింది. అయినా ఆ ప్రమీలమ్మ కంటబడినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తోంది. ఏం చెయ్యను?

నీ పెంటమ్మ బిడ్డనే,
రూప


ఊరి నుంచి,
2018 ఫిబ్రవరి 16

రూపకు, అమ్మ రాసేది,

ఈసారి నవ్వులాట లేదు. నిమ్మళంగ సదువు.

ప్రమీల అని రాయించింది నేను. "నీ పేరెట్ల రాయాల్నే అమ్మా" అని అన్న అడిగిండు. గిట్ల రాయి అన్న. వాడు ఎందుకని అడగలె. వాని సిగ్గు వానికి ఉన్నది, కాదన. కాని అడగకుండ రాసిండు. నాకు గది సాలు.

నర్సింగక్క ఎనుక ఇద్దరు సచ్చిపోలేదు బిడ్డా. అక్క ఎనుక నేనే. నడుమ ఎవలు పుట్టలె, ఎవలు పోలె. మంత్రసాని బయటికొచ్చి మల్ల ఆడిపిల్లనే అంటె, మీ తాత భీమయ్య "థూ, పెంట" అని ఉమ్మేసి కల్లుకు పోయిండు. పేరు పెట్టే దినం వచ్చింది. ఏం పేరు పెడుదామని మా అమ్మ అడిగితె "పెట్టిన గద" అన్నడట. అక్క అప్పుడు గడప కాడ ఆడుకుంటాంది, చెవులార ఇన్నది. పెద్దగైనంక నాకు చెప్పింది.

చేట, తవుడు, పెంటకుప్ప, గవన్ని పొట్టి పెంటమ్మయి. బావికాడామెను గూడ నిజంగనే పెంట మీంచి ఎత్తుకొచ్చిన్రు. వాళ్ళను వాళ్ళ అమ్మలు బతకాల్నని పిలిసిన్రు. నన్ను మా నాయిన రోతతోని పిలిసిండు. పేరు ఒక్కటే. వాళ్ళ నడుమ నా పేరు దాసుకున్నది, ఎవలకు ఎరుక కాలె. నాట్ల కాడ నాలుగు తలలు లేసేటియి అని మురిసినవ్. మూడు తలలు లేసినంక నాది లేసేది.

మరి గా కథ నాకెందుకు చెప్పినవంటవ్. బడి పోరలు నిన్ను "గబ్బు పెంటమ్మ బిడ్డ" అన్నరని పలక పారేసి ఏడ్సుకుంట వచ్చినవ్. మల్ల బడికి పోనన్నవ్. నా తాన ఏమున్నది నీకియ్యనీకి? పొట్టి పెంటమ్మ కథ నాదని చెప్పిన. నువ్వు కండ్లు తుడ్సుకొని ఉరికినవ్. గంతకంటె మంచి అబద్ధం నేను ఆడలె, ఇప్పుడడిగినా ఆడుత. మీ తాత నిన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరంత తిప్పిండు. ఆయన మీద నీకు మనసు ఇరగొద్దని గూడ చెప్పలె.

సప్పట్లు కొట్టిన్రని రాసినవ్. ఆ సప్పట్లు పొట్టి పెంటమ్మయి బిడ్డా. నాయి కావు.

ప్రమీల ఎవత్తె అంటె చెప్త. నిన్ను కననీకి నకిరేకల్ సర్కారు దవాఖానకు పోయిన. సిస్టరు పేరడిగింది. తెల్లటి బట్టలు, తెల్లటి మంచం. నోట్లకెల్లి నా పేరు రాలె. పక్క మంచం మీద ఎవలో ప్రమీల అని పిలుసుకుంటున్నరు. నేను గూడ ప్రమీల అన్న. ఉన్నన్ని దినాలు "ప్రమీలమ్మా మందులేసుకున్నవా, ప్రమీలమ్మా బిడ్డకు పాలిచ్చినవా" అన్నరు. మీ బాపు పెంటమ్మ ఏడుందని వార్డు తలుపు కాడ అడిగితె, గసొంటి పేరుతోని ఎవలు లేరు పొమ్మని ఎల్లగొట్టిన్రు. నేను మంచం మీదికెల్లి చూస్తున్న, పిలువలె. ఒక్క పూట గట్లనే ఉండనియ్యి అనుకున్న. నువ్వు పుట్టింది ప్రమీల కడుపుల.

నీకు కార్డు చూస్తె రోత. నాకు పుట్టినకాన్నుంచి, ఎవలు పిలిసినా, మంచిగ పిలిసినా, మా నాయిన ఉమ్మినట్టే ఇనొస్తది. నువ్వు పెద్ద సదువులు సదివి గా పేరును నెత్తిన పెట్టుకున్నవ్. పెట్టుకో. పిలిపించుకున్నది నువ్వు కాదు. పాత పేర్లు పోతున్నయని బాధ పడుతున్నవ్. కొన్ని పోనియ్యి. పొట్టి పెంటమ్మ పేరు ఉండాలె, రాసుకో, ఆమె మనుమరాలికి పెట్టమని చెప్పు. నాది మాత్రం నాతోని గూడ రావద్దు, నాకంటె ముందే పోవాలె.

నీ పత్రం గా సదస్సోళ్ళు పుస్తకంల వేస్తె నా పేరు తీసెయ్యి. కథ ఉంచు, అది నిజమే, మనిషే నేను కాదు.

పెండ్లికి రా. గేటు కాడ కాదు, లోపట నా పక్కకు కూసో. భువనగిరామె నా పేరడిగితె నేనే చెప్త.

దశరథం ప్రెస్సుకెల్లి కార్డుల కట్ట నిన్న అందింది. మంచి దొడ్డు కాయితం. పొయ్యిల పెట్టిన. నీళ్ళు మంచిగ కాగినయి. తలకు పోసుకున్న.

మీ అమ్మ