బిల్డర్ మనిషి తెచ్చిన లడ్డు

మంగళవారం, రాత్రి

పక్కింట్లో ఎన్నేళ్లుంటే ఒక మనిషిని నమ్మొచ్చు? తిరుపతికి వచ్చినప్పటినుంచీ ఇదే ప్రశ్న నాకు.

మా ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతానంటున్న బిల్డర్ దగ్గర ఏమీ తీసుకోకూడదని బాడుగకున్నవాళ్లమంతా ఒట్టు పెట్టుకున్నాం. ఈరోజు వాడి మనిషి కొండ లడ్డుతో వచ్చాడు. ప్రసాదాన్ని వద్దని ఎవరంటారు? నేనూ కళ్లకద్దుకున్నాను.

మా సంఘాన్ని నడిపే పక్కింటి రాజమ్మక్కకి మాత్రం చిన్న ముక్క తుంచి, "నీకు షుగర్ ఉండాది కదక్కా, ఇంతే తిను" అన్నాడు.

"నా మొగుడికంటే నువ్వే నయం కదబ్బా!" అందామె. అందరూ నవ్వారు. ఆ సంగతి వాడికెట్లా తెలుసని ఎవరూ అడగలేదు. మందుల షాపులో ఎవరైనా చెప్పి ఉండొచ్చులే...

కొత్త కట్టడంలో మాకు చోటివ్వమని బిల్డర్‌ని అడిగే పెత్తనం రేపు మీటింగులో ఆమెకే అప్పగిస్తారు. వాళ్లిద్దరికీ ముందే పరిచయం ఉందేమోనన్న నా అనుమానం బయటపెడితే సంఘం చీలిపోతుంది. ఆమె కోసం చెయ్యెత్తాలో వద్దో నాకింకా తేలలేదు.