గుమ్మం దాకా మంచు తీసినవారికి

మెర్విన్ గారికి,

ఈ ఉదయం నేను లేచేసరికి మా గుమ్మం వరకు మంచు తీసేసి ఉంది. ట్రాక్టరు చక్రాల గుర్తులు మీవే. పదకొండేళ్లుగా మంచు తీశాక మీరు తలుపు తట్టేవారు, టీ తాగుతూ నాతో గంటసేపు వాదించేవారు. ఈ నెలలో నాలుగుసార్లు మంచు తీశారు. ఒక్కసారీ తలుపు తట్టలేదు.

కారణం నాకు తెలుసు. కలప మిల్లు మూతపడ్డాక జరిగిన ఊరి సభలో, ఇంధనం మీద వేసే కార్బన్ పన్నే మన మిల్లును మింగిందని మీరన్నారు. నేను లేచి, మింగింది ఆ పన్ను కాదని, మన కెనడా కలప మీద అమెరికావాళ్లు వేసిన సుంకమని, మీరు చెప్పిన పన్ను అంకె కూడా తప్పని కాగితం చూసి చదివాను. "పంతులమ్మగారికి దిద్దే అలవాటు పోలేదర్రా. రేపు నా ఆకలికీ మార్కులేస్తారు" అని మీరంటే అందరూ నవ్వారు. మీరు నవ్వలేదు.

నా అంకె ఈనాటికీ సరైనదే. దానిని వెనక్కి తీసుకోను. అయితే ముప్పయ్యేళ్లు రంపం దగ్గర నిలబడిన మనిషిని, ఉద్యోగం పోయిన వారంలోనే, ఊరందరి ముందు దిద్దవలసింది కాదు. అందుకు క్షమించండి.

ఈ వీధిలో నా అభిప్రాయంతో ఏకీభవించేవారు ఇద్దరున్నారు. వారితో పది నిమిషాల్లో మాటలు అయిపోతాయి.

ఒక్క మనవి. లోపలికి రాకుండా వెళ్లేటట్లయితే మంచును అలాగే వదిలేయండి. ఈ ఎనభై ఒకటో ఏట కూడా పార పట్టుకుని నేనే తీసుకోగలను. వాదన మాత్రం ఒక్కదాన్నే చేసుకోలేను.

ఇట్లు,
మీ ఎదురింటి పంతులమ్మ