నలభై ఆరూ సరిగ్గా ఉన్నాయని నేను చెప్పిన మాట

మాధవరం, చెన్నై
మంగళవారం, మధ్యాహ్నం

ప్రియమైన పద్మక్కకు,

నీ తమ్ముడు చేతులు జోడించి రాసుకుంటున్న ఉత్తరం. నువ్వూ బావా ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? గేదె ఈనిందా? ఇక్కడ మేమందరం క్షేమం అని రాయబోయి ఆగాను. క్షేమం కాదు అని రాయడానికీ చెయ్యి రాలేదు. రెంటికీ మధ్యలో ఉన్నాను. భయపడొద్దు. జ్వరం లేదు. అన్నం తింటున్నాను. శనివారం ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. నీ మరదలు సువార్త మూడు పూటలా వేడిగా వండి పెడుతోంది, చల్లారితే తిననివ్వడం లేదు. భయపడొద్దని మళ్ళీ చెబుతున్నాను.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటావు. ఫోనెత్తితే నా గొంతు ప్రసంగంలోకి వెళ్ళిపోతుందక్కా. పోయినసారి జరిగింది అదే. ఆ రోజు నోటితో చెప్పినదాన్ని ఈ రోజు వెనక్కి తీసుకోవాలి. అది కాగితం మీద ఉంటే మళ్ళీ కాదనడానికి నాకు వీలుండదు.

మొదటి నుంచి చెబుతాను. ఎన్నూరు యార్డులో నా పని నీకు తెలుసు కదా. ఓడరేవు నుంచి లారీల మీద వచ్చే కంటెయినర్లను గేటు దగ్గర ఆపి, నంబరు రాసుకుని, తలుపు సీలు చూసి, ఎక్కడన్నా సొట్ట ఉందేమో చుట్టూ తిరిగి చూడాలి. ఆ తిరగడమే చేతకాకుండా పోయింది. పళ్ళు తోముకుంటే నెత్తురు, ఒంటి మీద కమిలిన మచ్చలు. ఆసుపత్రిలో చేర్చుకుని, నెత్తురు తయారయ్యే మూలుగలోనే జబ్బు ఉందన్నారు. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా. ఎదగని కణాలు గుంపుగా పెరిగిపోయి, పని చేసే కణాలకు చోటు లేకుండా చేస్తాయట. అప్పుడే డాక్టరమ్మ అంది, తోడబుట్టినవాళ్ళుంటే పరీక్షకు పిలిచి ఉంచుకోండి, మూలుగ మార్పిడి అవసరం పడొచ్చు అని. నాకున్నది నువ్వొక్కదానివే. వారం రోజులు తటపటాయించి ఫోను చేస్తే, ఎందుకని కూడా అడగకుండా, రేపటి బస్సుకే బయల్దేరతానన్నావు.

ఆ రాత్రి గడవకముందే నా క్రోమోజోముల రిపోర్టు వచ్చింది. నా తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పంపించింది దానికే. జబ్బు పేరు అందరికీ ఒకటే అయినా లోపల రకాలు వేరట. క్రోమోజోముల్లో వచ్చిన మార్పును బట్టి, ఎవరికి మందు బాగా పనిచేస్తుందో, ఎవరికి జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువో అంచనా వేస్తారు. కాగితం నేనే చదువుకున్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని బైబిలు వాక్యం చదవడం నేర్చుకున్నవాణ్ణి, ఇంగ్లీషు కాగితానికి జంకుతానా? ఇరవై కణాలు చూశారు. ఇరవైలోనూ క్రోమోజోములు నలభై ఆరు, మనిషికి ఉండాల్సినన్ని. చివర నార్మల్ అని ఉంది.

ఇంకేం కావాలి నాకు? పక్క మంచంలో సెల్వం అని ఎన్నూరు కడలి పాయలో చేపలు పట్టే అతను ఉండేవాడు. వాళ్ళమ్మది మన నెల్లూరు వైపే. అతని రిపోర్టులో ఎనిమిదో క్రోమోజోము ముక్క ఇరవై ఒకటో దాని మీదికీ, దాని ముక్క దీని మీదికీ మారిపోయి ఉన్నాయి. నేను మంచం మీద లేచి కూర్చుని, "చూడు సెల్వం, నీ లెక్క చెదిరిపోయింది, నా లెక్క ప్రభువు సరిచేశాడు. ఇప్పుడన్నా మనసు మార్చుకో" అన్నాను.

"నాకు నిద్రొస్తా ఉంది పాస్టరన్నా, మనసు రేప్పొద్దున మార్చుకుంటా" అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారగానే నీకు ఫోను చేశాను. ఏమన్నానో నాకు ప్రతి మాటా గుర్తుంది. నేను స్వస్థుణ్ణయ్యాను, నువ్వు రానక్కర్లేదు, ఇప్పటికైనా తెలుసుకో ఎవరి దేవుడు బతికున్నాడో, అన్నాను. నువ్వు అంతా విన్నావు. తర్వాత, "సరే రా శీనా, నువ్వు బాగుంటే చాలు. సర్దిన సంచి విప్పుకుంటాలే" అన్నావు. సువార్త ఫోనులోంచి, నేను ప్రసంగం చేసే ప్రార్థన కూటంలో అందరికీ స్వస్థత సాక్ష్యం కూడా చెప్పేశాను.

డాక్టరమ్మ పదింటికి వచ్చింది. నా సంతోషం చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నప్పుడే నాకు సగం అర్థమైంది.

"మైక్రోస్కోపులో కనబడేంత పెద్ద మార్పు లేదని అర్థం, అంతే. జబ్బు లేదని కాదు" అంది. కొందరి మార్పులు పైకే కనబడతాయి, వాటిలో కొన్ని మందుకు బాగా లొంగుతాయి. సెల్వంది అటువంటిది. కొన్ని మొండివి. పైకి ఏదీ కనబడనివాళ్ళు ఈ రెంటికీ మధ్యలో ఉంటారు, అటా ఇటా తెలుసుకోవడానికి ఇంకా సన్నని జీన్ల పరీక్ష చెయ్యాలి. అది కూడా అప్పటికే చేసి ఉంచారు. నాలో ఒక మార్పు ఉంది. జబ్బును మళ్ళీ రప్పించే తరహాది. మధ్య వరసలోనే ఉన్నానుగానీ, కీమో ఒక్కదాని మీదే ఆధారపడటం ఆమెకు ఇష్టం లేదు. తోడబుట్టినవాళ్ళ మూలుగ కుదిరితే మార్పిడి చెయ్యాలంది.

అక్కా, నాకు దుఃఖం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. చెదిరినవాడికి మంచి ఆశ, చెదరనివాడికి మధ్యస్థం. ఇదెక్కడి లెక్క? అంతలో యార్డు గుర్తొచ్చింది. ఒకసారి ఒక కంటెయినరు వచ్చింది. సీలు చెక్కుచెదరలేదు, ఒక్క సొట్ట లేదు, నంబరు సరిపోయింది. నేనే సంతకం పెట్టాను. మూడో రోజు తలుపు తీస్తే లోపల ఉల్లిపాయలన్నీ కుళ్ళి నీళ్ళు కారుతున్నాయి. చుట్టూ తిరిగి చూసినంత మాత్రాన లోపలి సంగతి తెలియదు. నా పని నాకే పాఠం చెప్పింది.

సెల్వం ఊరుకుంటాడా? "పైన సున్నం బాగా కొట్టుండారు పాస్టరన్నా, చెదలు లోపలుండాయి" అన్నాడు. పైకి తెల్లగా, లోపల కుళ్ళుగా ఉండే సున్నం కొట్టిన సమాధుల గురించి ప్రభువు అన్న మాటను నేను ఎన్ని కూడళ్ళలో మైకులో చెప్పి ఉంటానో. నాకే తిరిగి వచ్చింది. నవ్వాను. అతనూ నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వుకున్నాం.

"అయితే అమ్మా, నాకు ఎన్నేళ్ళు?" అని డాక్టరమ్మను అడిగాను. "మీలాంటి వందమంది గురించి చెప్పగలనండీ, మీ ఒక్కరి గురించి చెప్పలేను. ఇది జోస్యం కాదు, ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకోవడానికి" అంది. జబ్బుపడ్డ రాజుకు దేవుడు పదిహేనేళ్ళు ఆయుష్షు పొడిగించాడని చెప్పిన ప్రవక్త కథ చెప్పి చెప్పి, నేను ప్రతి కాగితంలోనూ ప్రవచనం వెతికాను. అది నా తప్పు, కాగితానిది కాదు.

శనివారం ఇంటికి వచ్చే ముందు, ఆ క్రోమోజోముల బొమ్మలు తీసేచోటు ఒక్కసారి చూపించమని బతిమాలాను. మూతికి గుడ్డ కట్టి తీసుకెళ్ళారు. దేవకి అనే అమ్మాయి అక్కడ పని చేస్తుంది. చింతాద్రిపేటలో తరాల నుంచి ఉన్న మగ్గాలవాళ్ళ ఇంటి పిల్ల. కంప్యూటర్లో నా క్రోమోజోములు చూపించింది. ముందు చిందరవందరగా, పురుగుల్లాగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, చారలు చూసి, జత జతగా పేర్చుతుంది. పెద్దవి ముందు, చిన్నవి వెనక. జలప్రళయం నాటి ఓడలోకి జతలు జతలుగా ఎక్కిన జంతువులు నాకు గుర్తొచ్చాయి. ఎంతసేపు చూశానో తెలియదు. నా లోపల ఇంత పొందిక ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

"దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టి శిక్ష అనుభవించాడమ్మా, నువ్వు రోజూ లెక్కపెడుతున్నావే" అన్నాను.

"లెక్కపెట్టకపోతే మీకు మందెట్టా ఇస్తారయ్యా? ఈడ ఒకటి తప్పితే ఆడ మంచం మీదుండే మనిషికి మందు మారిపోతుంది" అంది తల ఎత్తకుండా. 

ఆఖరి జత దగ్గర వేలు పెట్టి, ఇది మగవాళ్ళ గుర్తు అంది. మీ అక్క మూలుగ మీకు ఎక్కితే, తర్వాత మీ నెత్తురు తీసి చూస్తే ఈ గుర్తు కనబడదు, ఆడవాళ్ళ జతే కనబడుతుంది, అలా కనబడితేనే మాకు సంతోషం అంది. సువార్త నా వెనకే నిలబడి ఉంది. "ఆడవాళ్ళు మందిరంలో నోరెత్తకూడదని ఇన్నేళ్ళు అరిచారు కదా, రేపు మీ నెత్తురే ఆడదైతే ఎవర్ని నోరు మూసుకోమంటారు?" అంది. దేవకి నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకుంది.

ఇంటికి వచ్చాక నవ్వు పోయింది. జాతర రోజు నువ్వు ఆకు వేసి అమ్మవారికి పెట్టిన పొంగలి వడ్డిస్తే, బావ చుట్టాలందరి ముందూ నేను ఆకు తోసేసి లేచాను.  ఆకు మడిచి తీసుకెళ్ళావు. ఆ తర్వాత నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు నేను. నీ చేతి ముద్ద వద్దన్నవాణ్ణి, నీ మూలుగ కావాలంటున్నాను. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు తోడబుట్టినవాళ్ళతో సమాధానపడమన్న మాట మీద నేను గంట సేపు ప్రసంగించగలను. చెయ్యడం ఇదే మొదలు.

ఆదివారం కూటానికి జనంలోకి వెళ్ళొద్దన్నారు. ఫోనులోంచే చెప్పాను, ఆ సాక్ష్యం తొందరపాటని, నా జబ్బు ఇంకా ఉందని.  తర్వాత ఒక పెద్దాయన ఆమెన్ అన్నాడు. ఇంక చెప్పాల్సింది నీకే మిగిలింది. క్షమించు అక్కా.

ఇప్పుడు విషయం. మొదటి కీమో తర్వాత మళ్ళీ మూలుగ చూస్తే చెడ్డ కణాలు కనబడలేదు. అది మంచి కబురే, కానీ అక్కడితో ఆగకూడదట. నువ్వు వస్తే ముందు కొంచెం నెత్తురు తీసి కుదురుతుందో లేదో చూస్తారు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళలో నాలుగింట ఒక వంతు అవకాశం. కుదిరితే నీకు ఐదు రోజులు సూదులు వేసి, ఒక చేతిలోంచి నెత్తురు తీసి, మిషనులో కావలసింది వేరుచేసి మిగతాది నీకే ఎక్కిస్తారు. ఒళ్ళునొప్పులు ఉంటాయట, దాచను. ఇవ్వనని అనే హక్కు నీకుంది, ఎవరూ ఒత్తిడి చెయ్యకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే మైకు లేకుండా అడుగుతున్నాను. కుదరకపోతే బయటివాళ్ళలో వెతుకుతారు. కుదరకపోయినా నువ్వు రా.

వచ్చేటప్పుడు నీ ఆధార్ కార్డు, బీపీ మాత్రల చీటీ తెచ్చుకో. సువార్తకు మన ఊరి గోంగూర పచ్చడి కావాలట. నాకు మాత్రం ఏమీ వండి తేవొద్దు, బయట నుంచి వచ్చినది ఇప్పుడు నేను తినకూడదు. దాన్ని పాత గొడవ అనుకోవద్దు, ఈసారి నిజంగా డాక్టరు మాటే. ఇక్కడికొచ్చి పొయ్యి మీద వండి పెట్టు, వేడిగా తింటాను.

నీ పూజ దగ్గర నా పేరు చెప్పుకుంటానని ఒకప్పుడు నువ్వు అంటే కసిరాను. చెప్పుకో అనడానికి నా విశ్వాసం ఒప్పుకోదు. వద్దు అనడానికి నాకిప్పుడు నోరు లేదు.

బావకు నా నమస్కారాలు. మీ అత్తగారి కాళ్ళకు దండం పెట్టానని చెప్పు. మీ అందరి దీవెన నా మీద ఉండాలి. ఆంధ్ర బస్సులన్నీ ఇక్కడ మాధవరం బస్టాండుకే వస్తాయి. సువార్త అక్కడ నిలబడి ఉంటుంది.

విప్పిన సంచి మళ్ళీ సర్దుకుంటావా అక్కా?

ఇక్కడ అందరికీ పౌలయ్య,
నీకు మాత్రం శీనా